నీలం కోటు అమ్మాయి చదివిన వార్త

జాయ్సీ ఏలూరులో ఒక దినపత్రిక జిల్లా పేజీల డెస్కులో పదకొండేళ్ళు పనిచేసింది. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, కుదించడం, చోటు చాలనివి పక్కన పడేయడం ఆమె పని. పక్కన పడేసినవాటిలో ఎక్కువ కొల్లేటి లంక గ్రామాలవే. ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరిస్తే నాలుగు కాలమ్‌ల వార్త వచ్చేది. లంకకు వారం రోజులుగా మంచినీళ్ళు రావడం లేదంటే నాలుగు లైన్లు, అదీ రిబ్బను వార్త కింద చోటు మిగిలితేనే. ఆఖరికి ఒకరోజు యాజమాన్యం జిల్లా పేజీలనే తగ్గించేసింది. పేజీలతోపాటు జాయ్సీనీ తగ్గించింది.

గుండుగొలనులో ఇంటికి చేరి పది రోజులు ఊరికే కూర్చుంది. పదకొండో రోజున వాళ్ళాయన అజయ్ తాడేపల్లిగూడెంలో బడికి బయల్దేరుతూ, ఇక ఉండబట్టలేక ఒక మాట అన్నాడు. పాల ప్యాకెట్ మీద అక్షరదోషాలు దిద్దావు, ఊరుకున్నాను. నిన్న మా క్లాసు పిల్లవాడి సెలవు చీటీకి శీర్షిక పెట్టావు. ఏదో ఒకటి మొదలుపెట్టకపోతే ఈ ఇంట్లో ఇద్దరం బతకం అని.

ఆ సాయంత్రమే ఆమె హైవే పక్కన హబీబ్ గారి మైకుసెట్ల కొట్టుకు వెళ్ళింది.

హబీబ్‌కు అరవై రెండేళ్ళు. ముందు రిక్షాకీ, తర్వాత ఆటోకీ మైకు కట్టుకుని నలభై ఏళ్ళు ఊళ్ళు తిరిగాడు. కంటి వైద్య శిబిరాలు, చర్చిల్లో ఉజ్జీవ సభలు, దర్గా ఉరుసులు, తప్పిపోయిన గేదెలు, అన్నీ ఆ గొంతులోంచే జనానికి తెలిశాయి. ఆయన ఆటో గట్టు మీద వెళ్తుంటే నాట్లేసేవాళ్ళు నడుములెత్తి నిలబడి వినేవాళ్ళు. కానీ ఈమధ్య అందరూ పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెడుతున్నారు. ఎక్కడో స్టూడియోలో ఎవరో చెప్పిన మాటలు అందులో ఉంటాయి. ఆయన ఆటో నడపాలి, నోరు మూసుకోవాలి. అది ఆయనకు పెద్ద దెబ్బగా ఉంది.

జాయ్సీ తన ఆలోచన చెప్పింది. లంక ఊళ్ళ వార్తలు తను రాస్తుంది, ఆయన చదవాలి. రోజూ పొద్దున ఆరున్నరకి అయిదు నిమిషాలు. ఫోన్లలో అందరికీ వెళ్తుంది. చదువుకునేవాళ్ళ కోసం అజయ్ ఒక వెబ్‌సైట్ తయారుచేస్తాడు.

హబీబ్ అంతా విని, "ఏ పార్టీదమ్మా ఇది?" అని అడిగాడు.

"ఏ పార్టీదీ కాదండీ."

"మరి ఎవరు వింటారమ్మా?" అన్నాడాయన, నిజంగానే బెంగపడుతూ.

బెంగపడినా ఒప్పుకున్నాడు. కొట్టు వెనక గదిలో పాత స్పీకర్లు జరిపి చోటు చేశారు. హైవే మీద లారీల మోత లోపలికి రాకుండా ఆయన భార్య అజీజున్నీసా ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి గోడలకు వేలాడదీసింది. అలా 'లంకల కబురు' మొదలైంది. ఏ ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుంది, ఏ గట్టు కోసుకుపోయింది, నర్సమ్మ ఏ రోజు ఏ లంకకు వస్తుంది, ఇవే వార్తలు. నాయకులు పంపిన ప్రకటనల్లో విశేషణాలు తీసేసి చదివేవాళ్ళు. ఒక నాయకుడి ప్రకటనలో అవి తీసేస్తే ఆయన పేరు, తేదీ మిగిలాయి. అవే చదివారు.

వార్తలు తెచ్చేది ఎక్కువగా పుష్పమ్మ. పెదగుమ్మడిలంక నుంచి తెల్లారకముందే చేపల బుట్టతో గుండుగొలను వచ్చి, బస్సెక్కి ఏలూరు వెళ్ళి వీధుల్లో అమ్ముకుంటుంది. దారిపొడవునా ఆమెకు తెలియని గడప లేదు. ప్రతి వార్తా ఇద్దరు చెబితే గాని వేయకూడదని జాయ్సీ పెట్టుకున్న నియమం మొదట్లో ఆమెకు మహా చిరాకుగా ఉండేది.

"నేను చూశానమ్మా. మా మరిదీ చూశాడు. ఇద్దరమయ్యామా లేదా?"

"మరిది కాకుండా ఇంకొకరు చెప్పాలి పిన్నిగారూ."

"మా లంకలో మాకు మరిది కానివాణ్ణి ఎక్కణ్ణుంచి తేనమ్మా," అని గొణుక్కుంటూ వెళ్ళి, మర్నాటికి ఎవరినో ఒకరిని వెతికి ఫోన్‌లో పెట్టేది.

మూడో నెలకల్లా అరవై ఊళ్ళు వింటున్నాయి. అప్పుడే దొంగతనం బయటపడింది.

హబీబ్ కోసం రాసే ప్రతిలో జాయ్సీ మధ్యమధ్య బ్రాకెట్లలో గుర్తులు పెట్టేది. వాటిని తీసేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒకరోజు హడావుడిలో తీయడం మర్చిపోయింది. ఆ మధ్యాహ్నం అజయ్ ఫోన్ చేసి ఒక వీడియో చూడమన్నాడు. ఏలూరు నుంచి నడిచే 'జెట్ స్పీడ్ న్యూస్' అనే యూట్యూబ్ చానెల్ అది. నీలం కోటు వేసుకున్న అందమైన అమ్మాయి, తల ఒక్క వెంట్రుకవాసి కూడా కదపకుండా, గట్టు కోతకు గురైన వార్త చదువుతోంది. చదివి చదివి, అదే గంభీరమైన ముఖంతో, "ఇక్కడ గుక్కెడు నీళ్ళు తాగాలి" అంది. తర్వాత, "హబీబ్ గారూ, ఈ పేరు నెమ్మదిగా" అంది.

జాయ్సీ పాత వీడియోలన్నీ తిరగేసింది. మూడు నెలలుగా తను రాసిన ప్రతి వార్తా అక్షరం పొల్లుపోకుండా అక్కడుంది. ఆ అమ్మాయి మనిషి కాదనీ, కంప్యూటర్ పుట్టించిన బొమ్మ అనీ అజయ్ చెప్పాడు. వెబ్‌సైట్‌లో మనం పెట్టగానే యంత్రం తనంతట తానే లాక్కుని, పది నిమిషాల్లో ఆ బొమ్మ చేత చదివిస్తోందట. హబీబ్‌కు కోపం కంటే అవమానం ఎక్కువైంది. నేను తాగాల్సిన నీళ్ళు కూడా అదే తాగేస్తోందమ్మా అన్నాడు.

జాయ్సీ నవ్వి ఊరుకుంది. వార్త నలుగురికీ చేరితే మంచిదే కదా అనుకుంది. పదమూడో తారీకు దాకా అలాగే అనుకుంది.

ఆ రోజు తప్పు ఆమెదే. చినగుమ్మడిలంకలో మంచినీళ్ళ ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయి, అందులో నీటికాకి పడి చచ్చి కుళ్ళింది. ట్యాంకు కడిగేదాకా ఆ నీళ్ళు తాగవద్దని పంచాయతీ వాళ్ళు చెప్పారు. వార్త ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. జాయ్సీ వేళ్ళే 'చిన' బదులు 'పెద' అని కొట్టాయి. హబీబ్ ఉన్నదున్నట్టు చదివాడు. బస్సులో వింటున్న పుష్పమ్మ వెంటనే ఫోన్ చేసి, మా ట్యాంకులో కాకెప్పుడు పడిందమ్మా అని అడిగింది. పది నిమిషాల్లో సవరణ వెళ్ళింది. అది చాలదని హబీబ్ ఆటోకి మైకు కట్టుకుని రెండు లంకలూ తిరిగి, తప్పు మాది, కాకి చినలంకదని చెప్పి వచ్చాడు.

కానీ నీలం కోటు అమ్మాయి అప్పటికే పెదగుమ్మడిలంక అని చదివేసింది. సవరణ మాత్రం చదవలేదు. ఆ యంత్రం కొత్త వార్తలనే తీసుకుంటుంది, పాత వార్తలో దిద్దింది చూడదు. చినలంకలో సలోమి అనే డెబ్బై అయిదేళ్ళావిడకు చెవులు సరిగ్గా వినపడవు. మైకు వినలేదు. మనవరాలు ఫోన్‌లో పెట్టిన వీడియో కింద పెద్ద అక్షరాలు చదువుకుంది. కాకి పడింది పక్క ఊళ్ళో కదా అని, బిందెలోని నీళ్ళు ముంచుకు తాగింది. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

జాయ్సీ ఆసుపత్రికి వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చుని, తప్పు రాసింది నేనేనండీ అని చెప్పింది. బయటికి వచ్చాక జెట్ స్పీడ్ యజమానికి ఫోన్ చేసింది. అతని పేరు శ్యామ్ సుందర్. మాట మహా మెత్తన. ఆ ఒక్క వార్త దిద్దమని ఆమె బతిమాలింది.

"మేం ఎవరి వార్తా తీసుకోమండీ. మాకు నలభై మంది విలేకరులున్నారండీ. వాళ్ళు వెళ్ళి చూసొచ్చి నిర్ధారించిన వార్త అది. ఎలా దిద్దమంటారు చెప్పండి?"

తన తప్పును ఎవరో నిర్ధారించడం జాయ్సీకి జీవితంలో అదే మొదటిసారి. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. మెత్తగా అదే జవాబు. వీడియో మూడు వారాలైనా అలాగే ఉంది. పెదగుమ్మడిలంక వాళ్ళ చేపలు కూడా కొన్నాళ్ళు ఎవరూ కొనలేదు. ట్యాంకుకీ చేపలకీ సంబంధం లేదని పుష్పమ్మ గడపగడపకీ చెప్పుకోవలసి వచ్చింది.

హబీబ్ ఒక ఉపాయం చెప్పాడు. ఉప్పుటేరులోంచి కొల్లేట్లోకి తిమింగలం వచ్చిందని రాద్దాం, బొమ్మ చదివేస్తుంది, లోకమంతా నవ్వుతుంది అన్నాడు. తిమింగలం కాకపోతే మొసలి, మొసలి కాకపోతే గూడబాతు గుడ్డులో రెండు తలల పిల్ల. ఆయన దగ్గర అబద్ధాలు చాలా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి.

"మనం అబద్ధం రాయకూడదండీ," అంది జాయ్సీ. "కాకి సంగతిలో తెలియక రాసిందానికే ఒకావిడ మంచాన పడింది."

"మరి చేతులు ముడుచుకు కూర్చోవడమేనా అమ్మా?"

జాయ్సీ ఆ ప్రశ్నను ఇంటికి పట్టుకెళ్ళింది. అన్నం వండుతూ ఆలోచించింది, బట్టలారేస్తూ ఆలోచించింది. మర్నాడు పొద్దున ఆమె ముఖం చూడగానే హబీబ్‌కు హుషారొచ్చింది. ఆ బొమ్మ మనం రాసిందల్లా చదువుతుంది కదా, అయితే దాని గురించే నిజం రాద్దాం అంది ఆమె.

నిజం రాయాలంటే నిజం తెలియాలి. ఆ పని పుష్పమ్మ తీసుకుంది. శ్యామ్ సుందర్ ఇల్లు ఆమె తిరిగే వీధులకు రెండు సందుల అవతల. దొంగచాటు వద్దు, ఎవరమో చెప్పే అడగాలి అని జాయ్సీ గట్టిగా చెప్పి పంపింది. పుష్పమ్మ అలాగే చేసింది. గుమ్మం ముందు బుట్ట దించి, నేను లంకల కబురుకి వార్తలిస్తానమ్మా, మీ అబ్బాయి గారి విలేకరులు నలభై మందిని ఒకసారి చూసి పోదామని వచ్చాను అంది. అతని తల్లి కొరమీను మొప్ప ఎత్తి చూస్తూ పెద్దగా నవ్వింది.

"నలభై మందా? వాడూ, వాడి ఏసీ. పొద్దున వార్తలొచ్చే వేళకి వాడు దుప్పటి కింద ఉంటాడు. పదకొండింటికి లేస్తాడు."

ఈ మాట వార్తల్లో చెప్పమంటారా అని పుష్పమ్మ అడిగింది. చెప్పుకోమ్మా, నా మాట వాడెలాగూ వినడు, వార్తల్లో వస్తేనన్నా వింటాడేమో అందావిడ. అని ఊరుకోలేదు. లోపలికి తీసుకెళ్ళి గది కూడా చూపించింది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఏసీ.

"ఒక్కరే కదా చెప్పింది," అంది జాయ్సీ.

"రెండోదాన్ని నేనేనమ్మా. గది కళ్ళారా చూశాను. ఆవిడ నాకు తోడికోడలు కూడా కాదు."

శ్యామ్ సుందర్ మాట కూడా తీసుకోవాలి కదా. జాయ్సీ మధ్యాహ్నం ఫోన్ చేసి, మీ చానెల్ గురించి వార్త రాస్తున్నాను, మీరేమంటారు అని అడిగింది. అతనికి సంతోషం కలిగినట్టుంది. "రాసుకోండి. మా చానెల్లో వెళ్ళే ప్రతి అక్షరం నేను స్వయంగా చూశాకే వెళ్తుందండీ," అన్నాడు. ఆమె రాసుకుంది, అతనికి తిరిగి చదివి వినిపించింది. సరిగ్గా ఉందన్నాడు.

ఇక రాయడం మిగిలింది. ఎవరి నోట విన్నా అర్థం మారకూడదు, అందుకని 'మేము' అనే మాట ఎక్కడా రాకుండా మూడుసార్లు తిరగరాసింది. బుధవారం ఆరున్నరకు హబీబ్ చదివాడు. పది నిమిషాల తర్వాత అందరూ అజయ్ ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. అజీజున్నీసా కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది. నీలం కోటు అమ్మాయి తెర మీదికి వచ్చి, రెప్ప వేసి, మొదలుపెట్టింది.

"జెట్ స్పీడ్ న్యూస్‌కు నలభై మంది విలేకరులు ఉన్నారని దాని యజమాని శ్యామ్ సుందర్ చెబుతున్నారు. చేపల వ్యాపారి పుష్పమ్మ వారి ఇంటికి వెళ్ళి చూడగా ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఒక ఏసీ కనిపించాయి. గుండుగొలను మైకుసెట్ల కొట్టులో జాయ్సీ అనే ఆమె రాసే వార్తలను ఆ కంప్యూటర్ రోజూ తీసుకుని చదువుతోంది. ఆ సమయంలో శ్యామ్ సుందర్ నిద్రలో ఉంటారనీ, పదకొండు గంటలకు లేస్తారనీ ఆయన తల్లిగారు తెలిపారు. ప్రతి అక్షరం తాను స్వయంగా చూశాకే చానెల్లోకి వెళ్తుందని శ్యామ్ సుందర్ అన్నారు. ఇకపోతే, పదమూడో తేదీన నీటికాకి పడింది చినగుమ్మడిలంక ట్యాంకులో. పెదగుమ్మడిలంక అని రాయడం జాయ్సీ తప్పు. ఆమె పది నిమిషాల్లో దిద్దుకున్నారు. జెట్ స్పీడ్ ఇంతవరకు దిద్దలేదు. మీరు ఈ వార్తను జెట్ స్పీడ్‌లోనే వింటున్నట్లయితే, ఇప్పుడు దిద్దినట్టే."

హబీబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంత బాగా చదివిందమ్మా, ఒక్క మాట తడబడలేదు అన్నాడు, మెచ్చుకోలుగా.

ఏడింటికి భీమడోలు టీకొట్లలో అదే వీడియో. ఎనిమిదింటికి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటాలు ఆపి చూస్తున్నారని అజయ్ రైలు దిగి ఫోన్ చేశాడు. తొమ్మిదింటికి ఏలూరు బస్టాండు. యజమాని లేచి చూసుకునేదాకా దాన్ని ఆపే దిక్కు లేదు.

ఒంటిగంటకు కొట్టు ముందు తెల్ల కారు ఆగింది. దిగినతను ముప్పై ఏళ్ళవాడు, జుట్టు ఇంకా దువ్వుకోలేదు. హబీబ్ లేచి కుర్చీ వేసి, అజీజున్నీసా చేత టీ పెట్టించాడు. శ్యామ్ సుందర్ టీ పట్టుకునే, కోర్టుకు వెళ్తానన్నాడు.

"వెళ్ళండి. కానీ వార్తలో తప్పెక్కడుందో చెప్పండి. తప్పుంటే రేపే దిద్దుతాం," అంది జాయ్సీ, కాగితం ముందుకు జరిపి.

అతను మొదట్నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. తన చానెల్లో వెళ్ళే వార్తను అతను పూర్తిగా చదవడం బహుశా అదే మొదలు. టీ చల్లారిపోయింది.

"పదకొండు కాదండీ," అన్నాడు ఆఖరికి. "పదిన్నరకే లేస్తాను."

జాయ్సీ నవ్వకుండా రాసుకుంది. హబీబ్ మాత్రం ఏదో పనున్నట్టు బొంతల గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాటి కబుర్లో ఆ సవరణ మొదటి వార్తగా వెళ్ళింది, చింతిస్తున్నామన్న మాటతో సహా.

చల్లారిన టీ పక్కన పెట్టి, ఇంక తిట్టడానికి ఏమీ మిగలక, అతను అసలు సంగతి బయటపెట్టాడు. ఇన్నాళ్ళలో ఎన్నడూ లేనంతమంది ఇవాళే తన చానెల్ చూశారట. కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తెలియక కారులో కూర్చుని అరగంట ఆలోచించాడట. ఇద్దరం కలిసి చేద్దామా అని అడిగాడు. జాయ్సీ వద్దంది. మా వార్త చదువుకోండి, కానీ మా పేరు చెప్పండి, సవరణ వస్తే అదీ చదవండి అంది. తర్వాత, మీకు తీరికైతే చినగుమ్మడిలంక దాకా రండి, మిమ్మల్ని నమ్మినావిడ ఒకరున్నారు అంది.

కారు ఆ గట్టు మీద వెళ్ళదు. హబీబ్ ఆటోలో వెళ్ళారు. దారికి రెండువైపులా చేపల చెరువులే. అతను బయటికి తొంగి చూస్తూ, ఇదంతా కొల్లేరేనా అని అడిగాడు. ఒకప్పుడండీ అన్నాడు హబీబ్.

సలోమి అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. జాయ్సీని గుర్తుపట్టి కూర్చోమంది. ఈయన జెట్ స్పీడ్ వారని జాయ్సీ ఆమె చెవి దగ్గర చెప్పింది. ఆవిడ ముఖం వెలిగింది.

"ఆ నీలం కోటు అమ్మాయి మీ చెల్లెలా బాబూ? మా మనవరాలి ఫోన్‌లో రోజూ చూస్తాను. ఎంత నెమ్మదస్తురాలో. ఆ పిల్ల అబద్ధం చెప్పదనిపిస్తుంది."

శ్యామ్ సుందర్ జాయ్సీ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు.

"మనిషి కాదండీ. బొమ్మండీ," అన్నాడు.

ఆవిడకు వినపడలేదు. అతను దగ్గరికి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, గట్టిగా మళ్ళీ చెప్పాడు. ఆవిడ చేట పక్కన పెట్టి, బొమ్మ చెప్పిందని తాగానా అయితే అంది. కోపంగా అనలేదు. తనలో తను అనుకున్నట్టు అంది. అతను తల దించుకుని, నాదే తప్పండీ అన్నాడు. ఈసారి మెత్తగా చెప్పలేదు. ఆవిడకు వినపడేలా అరిచి చెప్పవలసి వచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు.

సలోమి లేచి లోపలికి వెళ్ళి, ఎండన పడి వచ్చారు కదా అని స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది. అతను గ్లాసులోకి చూశాడు. ఊరి చివర ట్యాంకు వైపు చూశాడు.

"ట్యాంకు కడిగారా అండీ?" అని ఆవిడను గట్టిగా అడిగాడు. కడిగారు బాబూ అందావిడ. తర్వాత అటుగా పోతున్న పంచాయతీ మేస్త్రీని ఆపి, అదే ప్రశ్న అతన్నీ అడిగాడు.

కడిగామండీ, మొన్న శుక్రవారం మళ్ళీ కడిగాం, మూత కూడా బిగించాం అన్నాడు మేస్త్రీ. శ్యామ్ సుందర్ నీళ్ళు తాగాడు. జాయ్సీ సంచీలోంచి పుస్తకం తీసి, శుక్రవారం అని రాసుకుంది.